ఆకాశరామన్నగా రాయాలా, ఖాతా తెరిచి రాయాలా: ఆన్‌లైన్ చర్చల్లో పాల్గొనేవారికి సమగ్ర మార్గదర్శి

పేరు పెట్టకుండా వచ్చిన ఉత్తరాన్ని మన పెద్దలు ఆకాశరామన్న ఉత్తరం అనేవారు. దాన్ని అందుకున్నవాళ్లు ముందు చూసేది కవరు మీది తపాలా ముద్రను, ఎందుకంటే ఉత్తరం ఏ ఊరి పోస్టాఫీసులో పడిందో అది చెప్పేస్తుంది. ఆ తరువాత చేతిరాతను చూసేవారు, చివరగా మాటతీరును పట్టి చూసేవారు. ఈ మూడూ కలిస్తే రాసింది ఎవరో పోల్చుకోవడం చాలాసార్లు కష్టమయ్యేది కాదు. ఆన్‌లైన్ చర్చలో పేరు లేకుండా రాయవచ్చా అని ఎవరు అడిగినా నేను ముందుగా ఈ మూడింటినే గుర్తు చేస్తాను. ఖాతా తెరవకపోతే చాలు, మనం ఎవరికీ కనబడమన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. కొన్నిచోట్ల ఖాతా తెరిచినవారే తెరవనివారికంటే ఎక్కువ మరుగున ఉంటారు.

అందుకే ఈ నిర్ణయాన్ని తొందరపడి తీసుకోకుండా, కింది మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కమని కోరుతున్నాను. ఉదాహరణలన్నిటిలోకీ తెలుగు వికీపీడియా గురించి ఎక్కువగా చెబుతాను. ఖాతా ఉన్నవారు, లేనివారు ఒకే పేజీలో పక్కపక్కనే మాట్లాడుకున్న చోటు అది, నాకు బాగా పరిచయమున్న చోటు కూడా అదే.

మొదటి మెట్టు: ఎవరికి తెలియకూడదో ఒక వాక్యంలో రాసుకోండి

కాగితం తీసుకుని నిజంగానే రాయండి. "మా మేనేజరుకు తెలియకూడదు" అని కావచ్చు. "మా అత్తవారింట్లో తెలియకూడదు" అని కావచ్చు. "నా మాటకు కోపం వచ్చిన ముక్కూముఖం తెలియని మనిషి నా ఇంటి దాకా రాకూడదు" అని కావచ్చు. "ఈ సేవ నడిపే కంపెనీకే నేనెవరో తెలియకూడదు" అని కూడా కావచ్చు. ఈ నాలుగూ ఒకే భయంలా అనిపిస్తాయి గాని, వీటికి మందులు వేరు. మొదటి మూడింటికి మారుపేరుతో జాగ్రత్తగా తెరిచిన ఖాతా సరిపోతుంది. నాలుగోదానికి ఖాతా తెరవకపోవడం కూడా చాలదు, ఎందుకంటే మీ కనెక్షన్‌కు ఉన్న ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తించే అంకెల చిరునామా) మీరు పేరు చెప్పినా చెప్పకపోయినా ఆ కంపెనీ సర్వరుకు చేరుతుంది. బ్రౌజరులో ప్రైవేటు విండో తెరిచినా అది మారదు. ఆ విండో చేసే పనల్లా మీ కంప్యూటరులో చూసిన పేజీల చరిత్ర, కుకీలు (సైట్లు మీ బ్రౌజరులో దాచే చిన్న గుర్తులు) మిగలకుండా చూడడమే.

ప్రభుత్వోద్యోగులు ఈ మెట్టు దగ్గర మరికాస్త ఆగాలి. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉంది, అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల కోసం చేసిన నియమావళి ఉంది. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం మీద వాటిలో ఆంక్షలున్నాయి. ఒక ఉపాధ్యాయురాలు పాఠ్యపుస్తకంలోని తప్పు గురించి చర్చలో రాయాలనుకుంటే, అది నిజాన్ని సరిదిద్దడమా, విధానాన్ని విమర్శించడమా అన్నది పైఅధికారి చదివే తీరును బట్టి ఉంటుంది. అలాంటివారు కాగితం మీద "శాఖలో తెలియకూడదు" అని రాసుకుని, తక్కిన మెట్లన్నీ ఆ ఒక్క వాక్యాన్ని దృష్టిలో పెట్టుకుని ఎక్కాలి. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు తెచ్చే రహస్యాన్ని బయటపెట్టాలనుకునేవారికి మాత్రం ఈ వ్యాసం చాలదు. వారు ముందు నమ్మకమైన న్యాయవాదిని కలవాలి.

రెండో మెట్టు: ఆ మాట రేపు కూడా మీదిగా ఉండాలా?

ఒక్కసారి అడిగి, జవాబు అందుకుని, వెళ్లిపోయే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆరోగ్యం, అప్పు, కాపురం, ఉద్యోగం పోతుందన్న భయం, ఇలాంటివాటి గురించి అడిగేవారికి రేపు ఆ మాట తమదని చెప్పుకోవలసిన అవసరం ఉండదు, చెప్పుకోవాలని కూడా ఉండదు. వారికి పేరు లేకుండా అడగడమో, ఒక్కసారి వాడి వదిలేసే ఖాతానో సరైన దారి.

కానీ మీరు నెలల తరబడి మాట్లాడబోతున్నట్టయితే సంగతి వేరు. చర్చలో గౌరవం కూడబెట్టుకునేది. నిన్న ఒకచోట ఓపికగా ఆధారం చూపించిన మనిషే ఈరోజు ఇంకొకచోట అభ్యంతరం చెబుతున్నాడని తెలిస్తేనే తక్కినవాళ్లు ఆగి వింటారు. ఆ కొనసాగింపు కోసం అసలు పేరు అవసరం లేదు, నిలకడైన పేరు ఉంటే చాలు. ఇది మన సాహిత్యానికి కొత్త కాదు. భాగవతుల సదాశివశంకర శాస్త్రి గారిని తెలుగువాళ్లు ఆరుద్రగానే చదివారు, ఆరుద్రగానే ప్రేమించారు. కలంపేరు వెనుక ఉన్న మనిషి తన మాటకు జవాబుదారీగా ఉన్నంతకాలం పాఠకులు ఇంటిపేరు అడగలేదు.

కాబట్టి ఎంపిక రెండింటి మధ్య కాదు, మూడింటి మధ్య: పేరు లేకుండా రాయడం, కలంపేరుతో ఖాతా తెరవడం, అసలు పేరుతో ఖాతా తెరవడం. నా అభిప్రాయం దాచుకోను. ఎక్కువమందికి ఎక్కువ సందర్భాల్లో నడిమి దారే మంచిది. అసలు పేరు పెట్టడం వల్ల నిజంగా లాభపడేది వైద్యులు, న్యాయవాదులు, పరిశోధకులు వంటి, మాటకు వృత్తి బరువు తోడవ్వాల్సినవాళ్లే. ఆడవాళ్లకైతే నేను కలంపేరునే గట్టిగా చెబుతాను. అసలు పేరు కనబడగానే విషయం వదిలేసి మనిషి మీద పడే నీచమైన అలవాటు మన చర్చల్లో ఇంకా పోలేదు, అది పోయేదాకా వాళ్లను మాట్లాడకుండా ఉండమనడం అన్యాయం.

మూడో మెట్టు: ఖాతా లేకుండా రాస్తే ఏం కనబడుతుందో చూడండి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ ఉంటుంది, అందరికీ సంబంధించిన సంగతులు మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. చదవడానికైనా, సాధారణంగా రాయడానికైనా అక్కడ ఖాతా తప్పనిసరి కాదు. ఏళ్ల తరబడి పద్ధతి ఏమిటంటే, ఖాతా ఉన్నవారు రాస్తే పేజీ చరిత్రలో, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే జాబితాలో, వారు పెట్టుకున్న వాడుకరి పేరు నమోదయ్యేది, ఖాతా లేనివారు రాస్తే వారి ఐపీ చిరునామా నమోదయ్యేది. తపాలా ముద్ర అంటే ఇదే. ఖాతా తెరిచినవారి ముద్ర లోపల ఉండిపోయేది, తెరవనివారిది ప్రపంచమంతా చూసేలా శాశ్వతంగా పడిపోయేది.

ఐపీ చిరునామాను బట్టి మీ ఇంటి నంబరు తెలియదు గాని, కనెక్షన్ ఇచ్చిన సంస్థ ఏదో, సుమారుగా ఏ పట్టణమో తెలుస్తుంది. ఆఫీసు నుంచో కళాశాల నుంచో రాస్తే, ఆ సంస్థకు సొంత చిరునామాలున్నప్పుడు సంస్థ పేరే బయటపడుతుంది. 2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అనే అమెరికా విద్యార్థి వికీస్కానర్ అనే పనిముట్టు తయారు చేశాడు. ఇంగ్లిషు వికీపీడియాలో పేరు లేకుండా జరిగిన లక్షలాది మార్పుల ఐపీ చిరునామాలను, ఏ సంస్థకు ఏ చిరునామాలు కేటాయించారో తెలిపే పట్టికతో అది పోల్చి చూపింది. కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ గురించిన వ్యాసాలను లోపలి నుంచే ఎలా దిద్దుకున్నాయో పత్రికలకెక్కింది. ఆ మార్పులు చేసినవాళ్లందరూ తమను ఎవరూ చూడలేదనుకునే చేసి ఉంటారు.

నా సంగతీ చెబుతాను. ఖాతా తెరవకముందు కొన్ని నెలలు మా ఊరి వ్యాసాన్ని, దాని చర్చ పేజీని నేను పేరు లేకుండానే దిద్దేవాణ్ని. మధ్యాహ్న భోజన విరామంలో, అప్పుడు పనిచేసిన ఆఫీసు కంప్యూటరు నుంచి. ఖాతా తెరిచాక అవి నావని చూపించుకుందామంటే వీలు కాలేదు. ఆ ఆఫీసు ఐపీ చిరునామా మాత్రం ఇప్పటికీ ఆ చరిత్ర పేజీలో, తేదీతో, నిమిషంతో సహా అలాగే ఉంది. నా మాట నాకు దక్కలేదు, దాచుకోవలసింది దాగలేదు. రెండువైపులా నష్టపోవడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ తాత్కాలిక ఖాతాల పద్ధతి తెచ్చింది. 2024 చివరిలో కొన్ని వికీల్లో మొదలుపెట్టి 2025లో దాన్ని విస్తరించారు. ఈ పద్ధతిలో ఖాతా లేనివారు ఒక మార్పు భద్రపరచగానే ~2025-12345-67 లాంటి ఒక అంకెల పేరు వారికి దానంతటదే వస్తుంది. బ్రౌజరులో పడే కుకీతో ముడిపడి ఉన్న ఈ పేరు 90 రోజులు పనిచేస్తుంది. కుకీ చెరిపినా, వేరే బ్రౌజరు వాడినా ఇంకొక పేరు వస్తుంది. ఐపీ చిరునామా అందరికీ కనబడదు గాని, నిర్వాహకులూ, దుశ్చర్యలను అరికట్టే పనిలో ఉండి అనుమతి పొందిన మరికొందరూ దాన్ని చూడగలరు. పాత పద్ధతిలో నమోదైన ఐపీలు మాత్రం చరిత్ర పేజీల్లో అలాగే ఉన్నాయి. మీరు రాయబోయే పేజీలో మార్చు నొక్కగానే పైన కనబడే గమనికను పూర్తిగా చదవండి. మీ మాట ఏ గుర్తుతో నమోదవుతుందో అక్కడే చెబుతారు. ఆ నాలుగు వాక్యాలు చదవడానికి పట్టే అరనిమిషం ఈ వ్యాసమంతటికంటే విలువైనది.

ఖాతా లేనివారికి ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. మొబైలు డేటాలో ఒకే ఐపీని ఎందరో వాడుకరులు పంచుకుంటారు. ఎవరో చేసిన అల్లరికి నిర్వాహకులు ఆ ఐపీని నిరోధిస్తే, ఏ తప్పూ చేయని మీరు కూడా రాయలేకపోవచ్చు. బొమ్మలు ఎక్కించే వికీమీడియా కామన్స్‌లో ఖాతా లేనిదే పని జరగదు, నచ్చిన పేజీలను వీక్షణ జాబితాలో పెట్టుకోవడమూ కుదరదు.

వేరే ఏ సేవను పరీక్షించాలన్నా పద్ధతి ఇదే. ప్రైవేటు విండోలో ఆ సేవను తెరిచి, ఎవరో ఒకరి పేరు మీద నొక్కి, బయటివారికి ఏం కనబడుతుందో చూడండి. వారు రాసినవన్నీ ఒకే జాబితాగా వస్తున్నాయా, సమయం నిమిషాలతో సహా ఉందా, చేరిన తేదీ ఉందా, ఊరు ఉందా? రేపు మీ గురించి కనబడబోయేవి అవే.

నాలుగో మెట్టు: రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది?

పేరు నమోదు చేసుకోవడమంటే ఎక్కడో ఒక పుస్తకంలో మీ కలంపేరు ఎదురుగా మీ అసలు ఆనవాలు రాసి ఉండడం. ఆ పుస్తకం ఎవరి దగ్గరుంది, ఎవరు అడిగితే తెరుస్తారు, దొంగలు పడితే ఏమవుతుంది అన్నవి అడగవలసిన ప్రశ్నలు. ఈ విషయంలో రెండు పాత సంఘటనలు ప్రతివారూ తెలుసుకోవాలి.

ఫిన్లాండులో యోహాన్ హెల్సింగియస్ అనే ఆయన 1993లో పెనెట్ అనే సేవ మొదలుపెట్టాడు. ఎవరైనా తమ సందేశాన్ని ఆ సర్వరుకు పంపితే, అది పేరూ చిరునామా తీసేసి, ఒక అంకెల గుర్తు తగిలించి, యూజ్‌నెట్ అనే ఆనాటి ఆన్‌లైన్ చర్చావేదికకు చేర్చేది. హింసకు గురైనవారు, రోగులు, ఇంకెందరో దాని మీద ఆధారపడ్డారు. కానీ ఏ గుర్తు ఎవరిదో చెప్పే జాబితా ఆ ఒక్క సర్వరులోనే ఉంది. 1995లో సైంటాలజీ అనే మత సంస్థ ఫిర్యాదు మీద పోలీసులు వచ్చినప్పుడు ఆయన ఒక వాడుకరి వివరాలు ఇవ్వక తప్పలేదు. 1996 ఆగస్టులో ఆయన ఆ సేవనే మూసేశాడు. ఆయన నిజాయతీలో లోపం లేదు. జాబితా అంటూ ఉన్నందువల్ల వచ్చిన చిక్కు అది.

దక్షిణ కొరియాది ఇంతకంటే పెద్ద పాఠం. పెద్ద వెబ్‌సైట్లలో మాట రాయాలంటే జాతీయ గుర్తింపు సంఖ్యతో అసలు పేరు నిరూపించుకోవాలని 2007లో చట్టం అమలు చేశారు. బూతులూ నిందలూ తగ్గుతాయన్నది ఆశ. 2011 జూలైలో నేట్, సైవరల్డ్ అనే సేవల మీద దాడి జరిగి, సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. అంటే ఆ దేశ జనాభాలో సగానికి పైగా. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టేసింది.

దీన్నుంచి తేలే నియమం చిన్నదే. అడగనిది ఇవ్వకండి, ఇవ్వకపోయినా జరిగేదాన్ని ఖాళీగా వదిలేయండి. పుట్టినతేదీ, ఊరు, ఫోటో వంటి గడుల పక్కన, తప్పనిసరి అని చెప్పే చుక్క గుర్తు (*) లేకపోతే వాటిని దాటి వెళ్లండి. గూగుల్ ఖాతాతోనో ఫేస్‌బుక్ ఖాతాతోనో ఒక్క నొక్కుతో లోపలికి వెళ్లే సౌకర్యం కలంపేరుకు శత్రువు, ఎందుకంటే మీ అసలు పేరూ ఈమెయిలూ దాంతోపాటే వెళ్లే అవకాశం ఉంది.

హైదరాబాదు ఐటీ ఉద్యోగులు జీతాల గురించీ, తొలగింపుల గురించీ మాట్లాడుకునే బ్లైండ్ అనే యాప్ గురించి ఇక్కడే చెప్పాలి. 2013లో కొరియాలో పుట్టిన ఈ సేవలో కంపెనీ ఇచ్చిన ఈమెయిలుతో ఉద్యోగాన్ని నిరూపించుకోవాలి, మాటల పక్కన మాత్రం మారుపేరూ కంపెనీ పేరూ కనబడతాయి. వేలమంది ఉన్న కంపెనీలో అది మంచి మరుగే. ముప్పైమంది ఉన్న కంపెనీలో మరుగు కాదు. పైగా నిర్ధారణ కోసం వచ్చే మెయిలు ఆఫీసు మెయిలు సర్వరులోనే దిగుతుంది గనుక, ఫలానా ఉద్యోగి ఆ యాప్‌లో చేరాడన్న సంగతి కంపెనీ చూడదలచుకుంటే చూడగలదు. ఏం రాశారో తెలియకపోవచ్చు గాని, చేరారని తెలుస్తుంది.

అయిదో మెట్టు: కలంపేరుతో ఖాతా తెరవడం

ముందు ఒక కొత్త ఈమెయిలు తీసుకోండి, ఇంటి పనులకూ బ్యాంకుకూ వాడేదాన్ని దీనికి వాడకండి. కలంపేరులో ఇంటిపేరు పొడి అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఊరిపేరు, పిల్లల పేర్లు ఉండకూడదు. మరొకచోట ఇదివరకే వాడిన పేరు అసలే వద్దు. ఒక సినిమా చర్చలో వాడిన పేరునే ఆరోగ్యం గురించిన చర్చలో కూడా వాడితే, ఆ రెండింటినీ కలిపి చదవడానికి ఎవరికైనా ఒక్క వెతుకులాట చాలు. పాస్‌వర్డు పొడుగ్గా, ఇంకెక్కడా వాడనిదిగా ఉండాలి. రెండంచెల నిర్ధారణ ఉంటే ఫోను నంబరుతో కాకుండా కోడ్ ఇచ్చే యాప్‌తో పెట్టుకోండి.

వికీపీడియాలో పేరూ పాస్‌వర్డూ ఉంటే ఖాతా తయారవుతుంది, ఈమెయిలు ఐచ్ఛికం. అయితే ఈమెయిలు ఇవ్వకుండా పాస్‌వర్డు మరిచిపోతే ఖాతా పోయినట్టే, కాబట్టి ఆ కొత్త ఈమెయిలు ఇవ్వడమే మేలు. అదే ఖాతా అన్ని భాషల వికీపీడియాల్లోనూ, కామన్స్‌లోనూ పనిచేస్తుంది. అంటే అన్నిచోట్లా మీరు చేసిన పని ఒకే పేరు కింద కనబడుతుంది. మీ పెరట్లోని మందార పువ్వును ఫోనుతో తీసి కామన్స్‌లో పెట్టారనుకోండి. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే, ఆ బొమ్మలో దాగిన వివరాల్లో మీ పెరటి అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. కలంపేరు మీద ఎంత శ్రద్ధ పెట్టినా ఒక్క మందార పువ్వు ఇంటికి దారి చూపిస్తుంది. బొమ్మ ఎక్కించే ముందు ఆ వివరాలు తీసేయడం, అంతకంటే ముందు కెమెరా యాప్‌లో లొకేషన్ ఆపేయడం అలవాటు చేసుకోండి.

చర్చ పేజీల్లో మాట చివర నాలుగు టిల్డాలు (~~~~) పెట్టి సంతకం చేయడం అక్కడి ఆచారం. ఖాతా ఉన్నవారు ఒకే చర్చలో రెండు ఖాతాలతో ఇద్దరు మనుషుల్లా మాట్లాడడం ద్రోహంగా లెక్క. అనుమానం వస్తే, ప్రత్యేక అనుమతి ఉన్న కొద్దిమంది సభ్యులు గత 90 రోజుల సాంకేతిక వివరాలను పరిశీలించగలరు. కలంపేరు ఇచ్చే రక్షణను మోసానికి వాడినవాళ్ల వల్లే నిజంగా అవసరమున్నవారికి నిబంధనలు బిగుస్తాయి, ఆ బాధ నాకు ప్రతిసారీ కలుగుతుంది.

ఫోను నంబరుతో నడిచే సేవలు

ఇక్కడ మన దేశపు పరిస్థితి వేరు. గుర్తింపు పత్రం చూపనిదే సిమ్ కార్డు రాదు గనుక, ఫోను నంబరు అడిగే ఏ సేవకైనా మీరు పరోక్షంగా మీ గుర్తింపు ఇచ్చినట్టే. వాట్సాప్ గ్రూపులో మాట్లాడితే తక్కిన సభ్యులకు మీ నంబరు కనబడుతుందని లెక్క వేసుకోండి. అపార్టుమెంటు గ్రూపుకు అది సరే గాని, వ్యాధి గురించో అప్పు గురించో మాట్లాడే గ్రూపుకు సరికాదు. టెలిగ్రామ్‌లో చేరీచేరగానే సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి, ఫోన్ నంబర్ అన్నదాన్ని నోబడీకి మార్చండి. దాని కిందే, మీ నంబరు ఉన్నవారు మిమ్మల్ని కనుక్కోవచ్చా అన్న ప్రశ్న వస్తుంది, దాన్ని మై కాంటాక్ట్స్‌కు మార్చండి. కాంటాక్టుల జాబితాను యాప్‌కు ఇవ్వకండి. సిగ్నల్‌లో 2024 నుంచి నంబరు చూపకుండా యూజర్‌నేమ్‌తో మాట్లాడే వీలుంది.

ఆరో మెట్టు: చేతిరాత, మాటతీరు

ఇక్కడే ఎక్కువమంది దొరికిపోతారు, ఇక్కడ ఏ సెట్టింగూ ఆదుకోదు. ఒక ఊహాజనితమైన ప్రశ్న చూడండి:

"మాది వరంగల్ దగ్గర పల్లె. హైదరాబాదుల ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీల నాలుగేండ్ల సంది చేస్తున్న. మొన్న బేస్తవారం మా టీముల ఏడుగురిని పిలిచి రిజైన్ చెయ్యమన్నరు. నాకు మూడు నెల్ల పాప ఉన్నది. ఏం చెయ్యాలె?"

ఇందులో పేరు లేదు. కానీ ఆ ఏడుగురిలో పసిపాప ఉన్నది ఎంతమందికి? నాలుగేళ్ల అనుభవం ఉన్నది ఎంతమందికి? "సంది", "బేస్తవారం", "చెయ్యాలె" అన్న మాటలు ప్రాంతాన్ని చెబుతాయి, మొదటి వాక్యం జిల్లాను చెబుతుంది, గురువారం అనగానే తేదీ తెలుస్తుంది. ఆ టీములోని ఎవరు చదివినా పేరు పెట్టి పిలవగలరు. దీన్నే ఇలా రాయవచ్చు:

"ఒక ప్రైవేటు కంపెనీలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఈమధ్య కొందరు ఉద్యోగులను పిలిచి, మీరే రాజీనామా ఇవ్వండి అన్నారు. రాజీనామా ఇస్తే ఏం కోల్పోతాం? ప్రసూతి సెలవు తీసుకున్నవారికి చట్టంలో వేరే రక్షణ ఉందా?"

జవాబు చెప్పేవారికి కావలసింది ఇంతే, అంతకంటే ఎక్కువ అవసరమైతే వాళ్లే అడుగుతారు. అంకెలూ రోజులూ ఊళ్లూ తీసేయడం, రాసిన రెండు మూడు రోజుల తరువాత పెట్టడం, ఈ రెండు పనులతోనే చాలా ముప్పు తగ్గుతుంది.

మాండలికం విషయంలో మాత్రం నాకొక మనసులో మాట ఉంది. రాయలసీమదో, ఉత్తరాంధ్రదో, తెలంగాణదో తన భాషలో మాట్లాడడం మనిషి హక్కు. చర్చల్లోకి అందరూ పుస్తకాల తెలుగుతోనే రావాలనడం నాకు ఇష్టం లేదు. అందుకని, కలంపేరుతో దీర్ఘకాలం మాట్లాడేవారు తమ యాసను వదులుకోనక్కర్లేదు, ఊరూ ఉద్యోగమూ చెప్పకపోతే చాలు. ఒక్కసారి అడిగే సున్నితమైన ప్రశ్నకు మాత్రం, ఆ ఒక్కసారికి, అందరి తెలుగును అరువు తెచ్చుకోండి.

ఏడో మెట్టు: చట్టం, వీసా

మన దేశంలో పెద్ద సామాజిక మాధ్యమాలు, అంటే 50 లక్షలకు పైగా నమోదైన వాడుకరులున్నవి, గుర్తింపు నిరూపించుకునే సౌకర్యం స్వచ్ఛందంగా కోరుకున్నవారికి ఇవ్వాలని 2021 నాటి ఐటీ నియమాలు చెబుతాయి. స్వచ్ఛందంగా అన్న మాట ముఖ్యం, కలంపేరు పెట్టుకోవడం తప్పు కాదు. అదే నియమాల ప్రకారం మీరు ఖాతా మూసేశాక కూడా నమోదు వివరాలను 180 రోజులు ఉంచాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వరు లాగ్‌లు, అంటే సర్వరులో ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే నమోదులు, 180 రోజులు ఉంచాలి, అసలు ఐపీని మరుగుపరిచే వీపీఎన్ సేవలిచ్చే సంస్థలు వాడుకరుల వివరాలను అయిదేళ్లు ఉంచాలి. ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసిన మాట నిజమే గాని, పరువునష్టం, బెదిరింపు వంటి నేరాలకు వేరే సెక్షన్లున్నాయి. మారుపేరు పక్కింటివారి నుంచి కాపాడుతుంది, న్యాయస్థానం ఉత్తర్వు నుంచి కాపాడదు.

అమెరికా వెళ్లాలనుకునే మన పిల్లలు ఒక సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. 2019 మే 31 నుంచి డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో, జాబితాలో ఉన్న సామాజిక మాధ్యమాల్లో గత అయిదేళ్లలో వాడిన ఖాతా పేర్లు అడుగుతున్నారు. ఆ జాబితాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లతోపాటు, మారుపేర్లతో చర్చించుకునే రెడిట్ కూడా ఉంది. అడిగేది ఖాతా పేరు గనుక కలంపేరు కూడా దాని కిందికే వస్తుంది. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకూ, 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వీసాలకూ ఖాతాలను బహిరంగంగా ఉంచమంటూ పరిశీలన పెంచారు. కాబట్టి ఏ సేవలో ఏ పేరుతో ఖాతా తెరిచారో ఇంట్లో ఒక పుస్తకంలో తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఖాతా తీసేశాం గనుక చెప్పనక్కర్లేదనుకోవడం పొరపాటు, దరఖాస్తులో అబద్ధం రాయడం పాత వ్యాఖ్య కంటే ఎక్కువ కీడు చేస్తుంది.

ఎనిమిదో మెట్టు: బయటికి వచ్చే దారి ముందే చూసుకోండి

వికీపీడియాలో ఖాతాను పూర్తిగా తీసేయడం ఉండదు. పేరు మార్పించుకోవచ్చు, కానీ చర్చ పేజీల్లో పాత సంతకాలు అక్షరాల రూపంలో అలాగే మిగులుతాయి. రెడిట్ లాంటి సేవల్లో ఖాతా తీసేస్తే పేరు పోతుంది గాని రాసిన మాటలు ఉంటాయి, ఆ తరువాత వాటిని తీసే అధికారం మీకు ఉండదు. అందుకని ముందు మాటలు తీసి, ఆ తరువాతే ఖాతా తీయాలి. ఈ వరస తలకిందులు చేసి బాధపడేవారు చాలామంది ఉంటారు.

చివరి మెట్టు: మొదటి మాట రాసే ముందు

ఖాతా తెరిచిన రోజునే ఏమీ రాయకండి. ప్రైవేటు విండోలో మీ కలంపేరును తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిషు లిపిలో ఒకసారి వెతకండి. కొత్త ఈమెయిలు పేరును కూడా వెతకండి. మీ ఖాతా పేజీని బయటి మనిషిలా తెరిచి, మొదటి మెట్టులో రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని, అందులో ఎవరికి తెలియకూడదని రాశారో ఆ మనిషి కళ్లతో ఒకసారి చదవండి. ఇంటిపేరు గాని, ఊరు గాని, పాత ఫోటో గాని ఎక్కడైనా తగిలితే, మొదటి మాట రాయకముందే ఆ పేరును వదిలేసి ఇంకొకటి పెట్టుకోండి.